ఇంగ్లీషులో నేను చెప్పని వాక్యం

నేనొక మనిషిని దొంగను చేశాను. ఒక్క మాటతో.

ఆ మాట కొన్నేళ్ళపాటు నా గొంతులోనే ఉంది. అన్నం తింటున్నా, అమ్మతో ఫోనులో నవ్వుతూ మాట్లాడుతున్నా అక్కడే ఉంది. ఇప్పుడు లేదు. మీకిది చెబుతుంటే సిగ్గుగా ఉంది, దానితోపాటు దాచుకోలేనంత సంతోషంగానూ ఉంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయని అడగకండి. నాకూ తెలియదు.

మాది గుంటూరు వైపు. మన పిల్లలు విమానాల నిండా కెనడా కాలేజీలకు వస్తున్న రోజుల్లోనే నేనూ వచ్చాను. చదువయ్యాక ఇక్కడి కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో ఒక వేర్‌హౌస్‌లో పనికి కుదిరాను. నా తర్వాత చేరిన విద్యార్థుల్లో నరేశ్ ఒకడు. సిద్దిపేట కుర్రాడు. అదే అతని మొదటి చలికాలం. నన్ను అక్కా అని పిలిచేవాడు.

మేం భోజనం చేసే గదిలో ఒక మూల పెద్ద అట్టపెట్టె పెట్టి, దాని నిండా పాత కోట్లు వేసేవారు. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోవచ్చు. కొత్తవాళ్ళకు ఆ సంగతి చెప్పమని మేనేజరు నాకు అప్పగించాడు. నేను హడావుడిలో ఉన్నాను. "ఆ మూల ఉన్నవి ఎవరైనా తీసుకోవచ్చు" అని చెయ్యి ఊపి వెళ్ళిపోయాను. పెట్టె పైన గోడకు కొక్కేలున్నాయనీ, వాటికి తగిలించినవి పనివాళ్ళ సొంత కోట్లనీ చెప్పలేదు.

నరేశ్ కొక్కేనికున్న జాకెట్ తీసుకున్నాడు. అది ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఒకాయన కొత్తగా కొనుక్కున్నది. మర్నాడు నరేశ్ అదే తొడుక్కుని పనికి వచ్చాడు. దొంగ అలా వస్తాడా? ఆ రోజు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పోలీసు వచ్చాడు. మేనేజరు గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేశాడు. భయంతో నరేశ్‌కు ఇంగ్లీషు ఒక్క ముక్క కూడా నోట రాలేదు. అతను చెప్పేది ఇంగ్లీషులో చెప్పడానికి నన్ను పిలిచారు.

"నేనే తీస్కున్న అక్కా," అన్నాడు నరేశ్. "ఆ మూలకున్నయి ఎవరన్నా తీస్కోవచ్చని నువ్వే చెప్పినవ్ గదా. అందుకే తీస్కున్న."

నేను ఇంగ్లీషులో మొదటి ముక్కే చెప్పాను. అది కూడా తిన్నగా చెప్పలేదు. అతను "తీస్కున్న" అంటే నేను "దొంగిలించానంటున్నాడు" అన్నాను. తొందరలో నోరు జారిందనుకుందాం. అక్కడివరకూ పొరపాటే అనుకుందాం. కానీ పోలీసు నన్ను సూటిగా చూసి ఇంకో ప్రశ్న అడిగాడు.

"అది వేరేవాళ్ళదని తెలిసే తీశాడా? అలాగే అన్నాడా?"

మేనేజరు నా పక్కనే నిలబడి ఉన్నాడు. నన్ను షిఫ్టు లీడ్‌ను చేస్తానని ఆ వారమే చెప్పాడు. నరేశ్ మాటల్లో నేను వదిలేసిన వాక్యం నా గురించే. అది ఇంగ్లీషులో చెబితే తప్పు నా మీదికి వస్తుంది. ఇదంతా ఆలోచించడానికి నాకు టైం లేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఉంది. కావలసినంత ఉంది.

"అవును," అన్నాను.

నరేశ్ నా మొహంలోకి చూశాడు. నేనేదో సర్ది చెప్పాననుకున్నాడు. "థాంక్స్ అక్కా," అన్నాడు.

అతని ఉద్యోగం పోయింది. దొంగతనం కేసు పెట్టారు. కోర్టులో దుబాసీ నా మాటలను మళ్ళీ తెలుగులో చెప్పినప్పుడు గానీ నేనేం చేశానో అతనికి తెలియలేదు. ఆ రోజు నాకు ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. నువ్వే ఒప్పుకున్నట్టుంది కదా, పోట్లాడితే ఏళ్ళు పడుతుంది అని ఎవరో నచ్చజెబితే, తప్పు ఒప్పుకుని చిన్న శిక్షతో బయటపడ్డాడు. బయటపడ్డాననుకున్నాడు. ఈ దేశంలో శాశ్వతంగా ఉండడానికిచ్చే పి.ఆర్. దగ్గరికొచ్చేసరికి ఆ శిక్షే అడ్డం పడింది. ఈలోగా నేను లీడ్‌నయ్యాను. నాకు పి.ఆర్. వచ్చింది.

అలాగే ఉండిపోయేదాన్నేమో. నిజం చెప్పాలంటే ఉండిపోయేదాన్నే.

వేర్‌హౌస్ మీద విసుగొచ్చి, పక్క ఊరు వాటర్లూలో సాయంత్రం క్లాసులకు చేరాను. పారాలీగల్ కోర్సు, అంటే లైసెన్సు తీసుకుని చిన్న చిన్న కేసులు చూసే పనికి చదువు. మాకు నేరాల చట్టం చెప్పిన మేడం మొదటి పాఠంలోనే, ఇంగ్లండు నుంచి ఈ దేశానికి వచ్చిన రెండు లాటిన్ మాటలు బోర్డు మీద రాశారు. యాక్టస్ రియస్, అంటే చేసిన పని. మెన్స్ రియా, అంటే ఆ పని వెనకున్న చెడ్డ ఉద్దేశం. చాలా నేరాలకు ఈ రెండూ కలిసి ఉండాలి, పని ఒక్కటే చాలదు అన్నారు. హోటల్లో ఒకాయన తనదే అనుకుని వేరేవాళ్ళ గొడుగు పట్టుకెళ్ళాడు, అది దొంగతనమా అని నన్ను లేపి అడిగారు.

కాదన్నాను. ఎందుకు కాదు అని మేడం అడిగారు. తప్పు చేస్తున్నానని అతనికి తెలియదు కాబట్టి అన్నాను. కరెక్ట్ అన్నారు మేడం.

కూర్చున్నాను. ఆ రెండు మాటలూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పని, ఉద్దేశం. నరేశ్ పని చేశాడు, ఉద్దేశం లేదు. మరి నేను? అబద్ధం చెప్పాను, అబద్ధమని తెలిసే చెప్పాను. ఆ రోజు మేనేజరు గదిలో ఈ రెండూ ఉన్నది ఒక్క మనిషిలోనే. ఆ మనిషిని నిలబెట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

నరేశ్ దగ్గర్లోని గ్వెల్ఫ్ ఊళ్ళో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో ఉన్నాడని తెలిసి, ఒక శనివారం వెళ్ళాను. బస్టాపు దగ్గర నిలబడే అంతా చెప్పాను. ఏడ్చాను కూడా. అతను ఏడవలేదు.

"నాకెందుకు చెప్తున్నవ్?" అన్నాడు. "నేను దొంగను గానని నాకు తెల్వదా? జడ్జికి చెప్పు."

అంతే అన్నాడు. బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయాడు. ఇంత తిన్నని దారి ఉండగా నేనన్నేళ్ళు ఎక్కడ తిరిగాను?

అతని కోసం ఒక లాయరును పట్టుకున్నాను. ఆవిడ నన్ను వేరే లాయరు దగ్గరికి పంపింది, ముందు నీ సంగతి తెలుసుకో అని. ఆయన దాచకుండా చెప్పాడు. పోలీసుకు అబద్ధం చెప్పడం కూడా నేరమే. నీ మీద కేసు పెట్టవచ్చు. నువ్వు చదువుతున్న చదువుకు లైసెన్సు రాకపోవచ్చు. ఆలోచించుకో అన్నాడు. ఆలోచించడం అయిపోయిందండీ అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పీలు వేశారు. నెలలు గడిచాయి. చివరికి బోనెక్కాను. ప్రభుత్వం తరఫు లాయరు మర్యాదగానే అడిగింది, కానీ చుట్టూ తిప్పలేదు. అతను చెప్పింది మీరు చెప్పలేదు కదా? చెప్పలేదు. మీరు చెప్పింది అబద్ధమని అప్పుడే మీకు తెలుసా?

"తెలుసు," అన్నాను. మైకులో ఆ మాట గది చివరిదాకా వినిపించింది. భయం వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఊపిరి కడుపు దాకా వెళ్ళింది.

జడ్జి పాత తీర్పును రద్దు చేశారు. కేసు మళ్ళీ నడపబోమని ప్రభుత్వం తరఫు లాయరు చెప్పింది. ఇన్నేళ్ళ భారం తీరడానికి పట్టిన సమయం అంతే. నరేశ్ లేచి నిలబడ్డాడు. అతనితో వచ్చిన రూమ్మేట్లు అతని భుజాలు పట్టుకుని కుదిపేశారు. కోర్టు గుమాస్తా కూడా నవ్వింది.

బయట వరండాలో అతను సిద్దిపేటకు ఫోను చేశాడు. "అన్నా, కేసు కొట్టేసిన్రు," అన్నాడు. అవతల సరిగ్గా వినపడలేదేమో, ఇంకా గట్టిగా, "కొట్టేసిన్రన్నా, నేను దొంగను గాదని జడ్జే చెప్పిండు," అన్నాడు. తెలుగు రానివాళ్ళు కూడా తిరిగి చూశారు.

నన్ను దాటుకుంటూ వెళ్ళాడు. ఆగలేదు, పలకరించలేదు. అక్కా అనలేదు. ఇక ఎప్పటికీ అనడు. పోయిన ఏళ్ళు నేను తిరిగి ఇవ్వలేను, అతను క్షమించాలని అడిగే హక్కూ నాకు లేదు. నా మీద కేసు పెడతారో లేదో ఇంకా తెలియదు. పెడితే, వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నకు నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

మెట్లు దిగి ఎండలోకి వచ్చాను. ఆకలి వేసింది. అంత ఆకలి నాకు చాలా ఏళ్ళుగా తెలియదు.