ఆర్డిస్ వద్దన్న కుక్క

అమెరికా ఉత్తరాన చలి ఊరు లార్సన్ ఫాల్స్‌లో, కుక్క ఉన్న ప్రతి ఇంటి గుట్టూ ఆర్డిస్ హౌగెన్ గ్యారేజీలో బయటపడుతుంది. కుక్క చెవిలో మురికి చూసి ఆ ఇంట్లో ఎవరికి తీరిక లేదో చెబుతుంది. దాని పొట్ట తడిమి, భోజనాలప్పుడు బల్ల కిందకి ఎవరు ముక్కలు జారవిడుస్తున్నారో చెబుతుంది. వాళ్ళాయన ఆర్విల్ పనిచేసే ఇనుప గని మొదటిసారి మూతపడిన ఏడు, బడిలో వంట ముగించుకొచ్చి గ్యారేజీలో ఓ పాత స్నానపు తొట్టి వేసి, ఊళ్ళో కుక్కలకి నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. గని తెరిచారు, మూశారు, మళ్ళీ తెరిచారు. ఆర్విల్ కాలం చేశాడు. తొట్టి మాత్రం కదల్లేదు. ఇప్పుడు ఆవిడకి డెబ్బై రెండు. నూట ముప్పై పౌండ్ల కుక్కని కూడా చంకలో చెయ్యేసి తొట్టిలోకి నడిపించేస్తుంది.

ఆవిడకి చేతకానిది ఒక్కటే. మనిషి మొహం మీద "వద్దు" అనడం. ఒకసారి పళ్ళ డాక్టరు పుచ్చిన పన్ను వదిలేసి దాని పక్క పన్ను పీకేస్తే, "పర్వాలేదు లెండి, దాన్నీ ఎప్పుడో తీయించాల్సిందే" అని సర్దిచెప్పి ఇంటికొచ్చింది.

ఇది ఆవిడ ఒక్కదాని జబ్బు కాదు, ఊరి జబ్బు. చర్చిలో వంకాయరంగు తివాచీ పరిచిన ఆదివారం, వచ్చిన వాళ్ళందరూ దాన్ని చూసి "వేరుగా ఉంది" అన్నారు. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ అనలేదు. నెల తిరక్కుండా తివాచీ చుట్ట చుట్టుకుని వెళ్ళిపోయింది. అలాగే పెళ్ళయిన పాతికేళ్ళకి ఆర్విల్ ఆవిడ చేసిన ఆపిల్ పై తిని "చెడ్డగా లేదు" అన్నాడు. ఆ పూట ఆర్డిస్ సిగ్గుపడిపోయి, అంట్లు తోముతూ రెండుసార్లు కూనిరాగం తీసింది.

అలాంటి ఊళ్ళోకి, ఆర్డిస్ ఎదురింట్లోకి, టెక్సస్ నుంచి ఒక చిన్న కుటుంబం దిగింది. అదీ ఫిబ్రవరిలో! ఆ చలిలో కాపురం మార్చేవాళ్ళని చూడ్డానికి వీధి వీధంతా కిటికీ తెరలు పక్కకి జరిపింది. భర్త డెస్మండ్ ఆసుపత్రిలో నర్సు. భార్య మరిసేలా ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. పలోమాకి ఆరేళ్ళు, నికోకి ఏడాది. వచ్చిన వారానికే మరిసేలా మొక్కజొన్న పిండితో ఆవిరి మీద ఉడికించిన వేడివేడి తమాలేలు పళ్ళెంలో పెట్టుకుని ఆర్డిస్ గుమ్మంలోకొచ్చింది.

"అయ్యో, అన్నీ నాకే తెస్తే మీకు మిగలవేమో" అంది ఆర్డిస్. ఇంకో రెండుసార్లు బతిమాలితే పుచ్చుకుందామని ఆవిడ లెక్క.

"నిజమేనండీ, ఇవాళ కాస్త తక్కువే చేశాను" అని మరిసేలా పళ్ళెం వెనక్కి పట్టుకుపోయింది. ఆ కమ్మటి వాసన పీల్చుకుంటూ ఆర్డిస్ గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఏప్రిల్‌లో మంచు కరిగి, వీధంతా బురదయిన రోజుల్లో, ఆ నలుగురూ ఆర్డిస్ గ్యారేజీకి వచ్చారు. తొట్టిలో అప్పుడు క్లిఫర్డ్ గారి బటన్ నిలబడి ఉంది. పేరుకి బటనే గానీ, అది న్యూఫౌండ్‌లాండ్ జాతి. నల్లగా, బొచ్చుతో, దూరం నుంచి చూస్తే ఎలుగుబంటే. క్లిఫర్డ్ ఆ ఊరి పాత పోస్ట్‌మాన్. రెండు మోకాళ్ళూ అరిగిపోయి, పై నెలలో ముసలివాళ్ళుండే అపార్ట్‌మెంటుకి మారుతున్నాడు. అక్కడ కుక్కల్ని ఉండనివ్వరు.

"మిస్ ఆర్డిస్, మీ సలహా కోసం వచ్చామండీ" అన్నాడు డెస్మండ్.

"మిస్ ఏమిటయ్యా, ముగ్గుర్ని కంటేనూ!"

"మా వైపు అమ్మమ్మలకి కూడా మిస్సేనండీ."

"సరిపోయింది! అమ్మమ్మని కూడా చేసేశావు" అంటూ ఆర్డిస్ చేతులు తుడుచుకుని, "ఇంతకీ పాత కుక్క ఏమైంది? పలోమా బడిలో ఎవరితోనో అంటుంటే విన్నారట" అని కూపీ లాగింది. ఆవిడకి ముందు కథ తెలియాలి, సలహా తరవాత.

చెప్పింది మరిసేలా. టెక్సస్‌లో ఉండగా నీలికళ్ళు చూసి మురిసిపోయి, మంచు ప్రాంతపు హస్కీ జాతి కుక్కని తెచ్చారు. అది కంచె కింద సొరంగాలు తవ్వింది, ఎండకి ఏడ్చింది, సోఫాని పీలికలు చేసింది. నాలుగు నెలలకి వెనక్కి ఇచ్చేశారు. ఆ తరవాత పలోమా నెల రోజులు బడి నుంచి రాగానే వరండాలో కూర్చుని వీధి చివరికి చూసేది.

"అందుకే ఈయనకి గట్టిగా చెప్పాను. ఇది ఆఖరిసారి. ఈ కుక్కా వెనక్కెళ్ళిందంటే, పిల్లల పెళ్ళిళ్ళయ్యేదాకా మా గడపలో కుక్క అడుగుపెట్టదు. పిల్ల ఏడుపు మళ్ళీ నేను చూడలేను."

డెస్మండ్ ఫోన్ తీసి ఆర్డిస్ ముక్కు దగ్గర పెట్టాడు. చుక్కలు చల్లినట్టున్న బుజ్జి కుక్కపిల్ల. "హీలర్ అంటారండీ. పశువుల్ని తోలే జాతి. తెలివికి పెట్టింది పేరట. పైగా చిన్నది. పసివాళ్ళున్న ఇంటికి చిన్న కుక్కే కదండీ మేలు?"

ఆర్డిస్ కళ్ళద్దాలు తీసింది, తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది. హీలర్లని ఆవిడ బాగా ఎరుగును. మందలో ఆవు మెల్లగా నడిస్తే మడమ మీద పన్ను దించి పరుగెత్తించడం వాటి వృత్తి. ఆవులు లేని ఇంట్లో అవి ఊరుకుంటాయా? పరుగెత్తే దేన్నయినా తోలతాయి. ఊళ్ళో బెర్గ్‌స్ట్రామ్ వాళ్ళ హీలర్ అయితే, పిల్లాడి పుట్టినరోజుకొచ్చిన చుట్టాలందర్నీ వంటింట్లోకి తోలి, గుమ్మంలో కాపలా కూర్చుంది.

"ఊఁ..." అంది ఆర్డిస్. "ఇది వేరుగా ఉందయ్యా."

ఆ ఊళ్ళో పుట్టినవాడైతే అక్కడికక్కడే ఫోన్ జేబులో పెట్టేసుకునేవాడు. డెస్మండ్ మొహం మతాబాలా వెలిగింది. "విన్నావా మరిసేలా? వేరే అంటున్నారు, వేరే లెవెల్!" అని భార్యతో గుసగుసలాడాడు. కుక్క వంటి మీద నీళ్ళు పోస్తున్న ఆర్డిస్‌కి ఆ మాట వినపడలేదు. ఆవిడ బటన్ వీపు తడుతూ తనకి తెలిసిన అతి పెద్ద పొగడ్త వదిలింది.

"క్లిఫర్డ్ దీనికి ఇల్లు వెతుకుతున్నాడు. నాలుగేళ్ళది. అంత చెడ్డదేం కాదు."

మరిసేలా ఆ ఎలుగుబంటిని ఎగాదిగా చూసి నికోని చంకలో ఇంకాస్త పైకి ఎత్తుకుంది. పోన్లే పాపం, ముసలాయన కుక్క గదా, మొహమాటానికి ఒక మాట అంటోంది అనుకుంది. నలుగురూ సెలవు తీసుకున్నారు. ఆర్డిస్ గుండె నిండుగా క్లిఫర్డ్‌కి ఫోన్ చేసి, "వాళ్ళకి విడమరిచి చెప్పానయ్యా. రేపో మాపో బటన్ కోసం వస్తారు" అంది.

రేపూ పోయింది, మాపూ పోయింది. గురువారం నాడు ఆర్డిస్ ఉత్తరాల డబ్బా దగ్గరకెళితే, ఎదురుగా డెస్మండ్ కొత్త కుక్క బోను మోసుకొస్తున్నాడు.

"మీ మాటే ఖాయం చేసుకున్నాం మిస్ ఆర్డిస్! శనివారం పొద్దున్నే పక్క జిల్లా దాకా వెళ్ళి హీలర్‌ని తెచ్చుకుంటున్నాం."

ఆర్డిస్ చేతిలోంచి ఉత్తరాలు జారాయి. ఏరుకుంటూ, "అంత దూరం కదయ్యా" అంది.

"రెండు గంటలేనండీ, పాటలు పాడుకుంటూ పోతాం."

"పిల్ల కుక్కంటే చాకిరీ మరి."

"ఇంట్లో అందరం పంచుకుంటాం."

"ఆలోచించుకున్నారు కదా అన్నీ?"

"మీరున్నారుగా, ఇంకేం ఆలోచన!"

ఆ ఊళ్ళో మూడు పిడుగులతో సమానమైన మాటలవి. ఆయన మీద మూడు చినుకులైనా పడినట్టు లేదు. వెనకే వస్తున్న పలోమాని ఆర్డిస్ అడిగింది, "ఏం పేరు పెడుతున్నావు తల్లీ?"

"పెట్టను" అంది పలోమా. "పేరు పెడితే, వెనక్కిచ్చేటప్పుడు మళ్ళీ ఏడుపొస్తుంది."

మర్నాడు ఆర్డిస్ క్లిఫర్డ్ దగ్గర కూర్చుని మొత్తుకుంది. ఆయన మోకాళ్ళ మీద మంచుగడ్డల సంచి పెట్టుకుని పకపకా నవ్వాడు.

"అదేం బ్రహ్మవిద్య, ఆర్డిస్? వెళ్ళి వద్దని చెప్పు."

"మనిషి మొహం మీద వద్దని ఎలా చెప్తామయ్యా! ఆనందంగా బోను కూడా కొనుక్కున్నాడు."

"ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచాను. అందులో చెడు కబుర్లు ఎన్నో! ఒక్కరూ నన్ను కొట్టలేదు" అన్నాడు క్లిఫర్డ్. "నీకు భయం వాళ్ళు బాధపడతారని కాదే. నిన్ను మంచిదనుకోవడం మానేస్తారని."

ఆర్డిస్ కాఫీ సగంలో వదిలేసి లేచొచ్చింది. కోపమొచ్చింది గానీ, ఆ కోపం క్లిఫర్డ్ మీదో తన మీదో తేల్చుకోలేకపోయింది.

శనివారం పొద్దున ఎదురింటి కారు గుర్రుమంది. ఆర్డిస్ ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులతోనే బురదలో వీధి దాటింది. వెనక సీట్లో నికో పక్కన పలోమా బెల్టు పెట్టుకుని, ఒళ్ళో ఖాళీ చేతులు పెట్టుకుని కూర్చుంది. అద్దం దించి అడిగింది.

"మిస్ ఆర్డిస్, మీకు కుక్కలన్నీ తెలుసు కదా. ఇది కూడా వెనక్కెళ్ళిపోతుందా?"

ఆర్డిస్ నోట్లో ఎన్ని మెత్తని మాటలున్నాయో అన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. ఒక్కటీ ఆ పిల్ల కళ్ళ ముందు నిలబడేలా లేదు.

"వెళ్ళిపోతుంది తల్లీ" అంది.

డెస్మండ్ ఇంజన్ ఆపాడు. కారెక్కబోతున్న మరిసేలా ఆగింది. "అదేంటండీ, అలా అంటారు?"

"వద్దయ్యా" అంది ఆర్డిస్. ఆ మాట వినపడగానే ఆవిడే ఉలిక్కిపడింది. నోట్లోంచి రాయి ఊడిపడినట్టయింది. మళ్ళీ అంది, "ఆ కుక్కని తేవద్దు. దాంట్లో వంక లేదు. మీ ఇంట్లో ఆవులు లేవు, అదీ సంగతి. అది రోజుకి పది మైళ్ళు పరుగెత్తాలి. నువ్వు ఆసుపత్రిలో పన్నెండు గంటలు నిలబడొచ్చి కుర్చీలోనే నిద్రపోతావు, మా కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. మరిసేలా చంకలో పసివాడు. ఇంక అది ఎవర్ని తోలుతుంది? మొన్న నడక నేర్చిన ఈ నికోని! వాడి మడమ మీద పన్ను దిగిన రోజే నువ్వు దాన్ని వెనక్కిస్తావు."

"మరి ఆ రోజు వేరుగా ఉందని మెచ్చుకున్నారు కదండీ!"

"మెచ్చుకోవడమా? అంతకన్నా పెద్ద తిట్టు ఇంకేముందయ్యా!"

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మరిసేలాకి ఏదో తట్టింది. "ఆగండాగండి. ఆ ఎలుగుబంటి... అంత చెడ్డది కాదన్నారు?"

"అంతకన్నా ఎంత పొగడాలమ్మా? మా ఆయన నన్నే అంతకన్నా పొగడలేదు!"

మరిసేలాకి నవ్వు పొర్లుకొచ్చింది. కారు తలుపు పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. డెస్మండ్ మాత్రం వెనక్కి తిరిగి ఖాళీ బోను వైపు చూశాడు. ఆ కుక్కపిల్ల మీద ఆయన నిజంగానే మనసుపడ్డాడు. చివరికి "ముందే ఇలా చెప్పొచ్చు కదండీ" అన్నాడు.

"చెప్పాల్సింది. తప్పు నాదే" అంది ఆర్డిస్. అంతటితో ఆగితే బాగుండేది. గట్టు తెగాక నీళ్ళాగుతాయా? "బటన్‌కీ వంకలున్నాయి, అవీ చెప్పేస్తా వినండి. చొంగ కారుస్తుంది. మీ గోడల మీద కూడా ఉంటుంది చొంగ. బొచ్చు కూరలో పడుతుంది. గంపెడు తింటుంది. ఆ జాతి మహా అయితే పదేళ్ళు బతుకుతుంది, అది కూడా పిల్లకి ముందే తెలియాలి. కానీ దానికి వంట్లో నిదానం ఉంది. పసివాళ్ళున్న ఇంటికి కావాల్సింది సైజు కాదు, నిదానం. ఎదిగిన కుక్క గనక దాని బుద్ధి ఏమిటో ఇప్పుడే తెలుస్తుంది, లాటరీ కాదు."

కారు రెండు గంటల దారి పట్టకుండా రెండు వీధుల దారి పట్టింది. క్లిఫర్డ్ ముందుగదిలో నికోని కిందకి దింపారు. మరిసేలా చెయ్యి వాడి చొక్కా వెనకే ఉంది. వాడు నాలుగడుగులు తూలుకుంటూ వేసి, పడబోయి, బటన్ మూతి బొచ్చు గుప్పెటతో పట్టుకుని వేలాడాడు. బటన్ కళ్ళు మూసింది. వాడు నిలదొక్కుకునేదాకా కదల్లేదు. తరవాత పర్వతం కూలినట్టు మెల్లగా పక్కకి ఒరిగి పడుకుంది. వాడు దాని పొట్ట మీద కూర్చున్నాడు. పలోమా దగ్గరికి పోలేదు. గుమ్మంలో నిలబడి తల్లి మొహం చూస్తోంది.

"పదిహేను రోజులు మా ఇంట్లో ఉంచి చూస్తాం" అంది మరిసేలా.

"తొందరేం లేదు" అన్నాడు క్లిఫర్డ్. మోకాళ్ళని తిట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ పదిహేను రోజులూ ఆర్డిస్ కిటికీ దగ్గరే కాపురం. ఈలోగా ఊరికి కొత్త తలనొప్పి వచ్చింది. ఆవిడ నాలుకకి "వద్దు" రుచి తగిలింది. మూడో వీధి జంట ఊలుబంతి లాంటి కుక్కని కొంటామని వస్తే, "వద్దు, రోజూ దువ్వే ఓపిక మీకు లేదు, మీ తలలే దువ్వుకోరు" అనేసింది. వాళ్ళు వారం రోజులు మొహం చాటేశారు. ఎనిమిదో రోజున వేరే జాతి పేరు రాసుకుని మళ్ళీ వచ్చారు.

పదహారో రోజున మరిసేలా పిల్లలిద్దర్నీ, బటన్‌నీ వెంటేసుకుని టౌన్ హాలుకి వెళ్ళింది. కుక్క లైసెన్సు కాగితం నింపుతూ కూర్చుంది. నల్లప్యాంటు నిండా తెల్లటి చొంగ చారలు. గుమస్తా అలవాటుగా అడిగింది, "ఏడాదికా అమ్మా, జీవితాంతానికా?"

పలోమా తల్లి చేతిలోని పెన్ను వంక చూసింది.

"జీవితాంతానికి" అంది మరిసేలా తలెత్తకుండానే. "గడి ఎక్కడుంది? దీని చొంగ పడి కనబడ్డం లేదు, ఇంకో కాగితం ఇవ్వండి."