అన్ని దీపాలూ ఒకేసారి వెలిగిన దినం

పెనుకొండలో మేం దిగేసరికి ఎండ నడినెత్తిన ఉండాది. మే నెల. కొండరాళ్లు సెగ కక్కుతాండాయి. బండి రేకు మీద చెయ్యి పెడితే చుర్రుమనింది. నాది ధర్మవరం దగ్గర పల్లె. ఏండ్ల తరబడి మంచులో, ఇసకలో పట్టాళం ఉద్యోగం చేసినోణ్ణి. సొంత జిల్లాలో డ్యూటీ పడడం అదే మొదలు.

పని వైద్య శిబిరం. మాజీ సైనికులకు, చుట్టూ ఉండే మెట్ట పల్లెల జనానికి. మేం నలుగురం: డాక్టరు క్యాప్టెన్, నర్సింగ్ అసిస్టెంటు, వైర్‌లెస్ ఆపరేటరు, డ్రైవరుగా నేను. బండి కొత్త అంబులెన్సు. మా యూనిట్లో అదే మొదటి కంప్యూటరు బండి. స్టీరింగు ఎనక వరసగా చిన్న చిన్న దీపాలు. పంపేటప్పుడు వర్క్‌షాపు హవల్దారు ఒకటే చెప్పినాడు: "ఎర్రది వెలిగితే ఆపెయ్. ఇంకేం ఆలోచించొద్దు."

శిబిరం బడి ఆవరణలో పెట్టినాం. కరెంటు ఎప్పుడుంటాదో ఎప్పుడు పోతాదో తెలీదు. మందుల పెట్టె చల్లగా ఉండాల. అందుకని దాన్ని బండి బ్యాటరీకే తగిలించినాం. ఫ్యాను, వైర్‌లెస్ సెట్టు కూడా దానికే. డీజిలు మిగల్చమని ఆర్డరు, ఇంజను మాత్రం ఆపే పెట్టేవాళ్లం.

ఒక మాపటేళ గొర్రెలకాపరి ఒకాయన పెండ్లాన్ని చేతుల మీద ఎత్తుకోని వచ్చినాడు. కంప కొడతాంటే ఆయమ్మకు పురుగు ముట్టిందంట. నాగుబాము. ఆయమ్మ రెప్పలు అప్పటికే వాలిపోతాండాయి. మా దగ్గరుండే విరుగుడు మందంతా క్యాప్టెన్ ఎక్కించినాడు. ఊపిరి మాత్రం సన్నగిల్లుతానే ఉండాది.

"హిందూపురం ఆసుపత్రికి. వెంటనే," అన్నాడు.

తాళం తిప్పినాను. ఇంజను మూలిగి మూలిగి అందుకునింది. దాంతోపాటే దీపాలు వెలిగినాయి. ఇంజనుది, స్టీరింగుది, చక్రాలు జారకుండా చూసే ఏబీఎస్‌ది, ఆఖర్న ఎర్రగా బ్రేకుది. సన్నటి కూత ఒకటి, ఆగేదే లేదు.

కొండ ప్రాంతంలో ఒకసారి నా ముందర పోయే ట్రక్కుకు బ్రేకు పడలేదు. మలుపు తిరగకుండా నేరుగా పోయింది. లోయలో దుమ్ము లేసినాక చప్పుడు వచ్చింది. అందులో ఉండినోళ్లతో పొద్దున్నే టీ తాగింటిని.

"సార్, బ్రేకు దీపం వెలిగింది," అన్నాను.

"వేరే బండి?"

"పిలిపించాల సార్. దాంట్లో ఆక్సిజన్ ఉండదు."

"అయితే నువ్వే చూసి చెప్పు. నీ మాట మీద పోతాం."

ఇంజను ఆపకుండానే దిగినాను. బ్రేక్ ఆయిలు నిండా ఉండాది. చక్రాల కింద తడి లేదు. ఆవరణలోనే ముందుకు తోలి బ్రేకు తొక్కినాను. బండి నిలబడింది. మళ్లా తొక్కినాను. నిలబడింది. ఎర్రది మాత్రం ఆరలేదు. నాలుగు సామాన్లు ఒకే గడియలో ఎట్ల చెడిపోతాయి?

వెనక నుంచి ఆపరేటరు గొంతు వచ్చింది. "ఆసుపత్రికి చెప్పిద్దామంటే సెట్టు పలకడం లేదు. సెట్టు మీది సూది అడుక్కి పోయింది. దీనికి బ్యాటరీ చాల్లేదు."

సెట్టుకూ, ఆ దీపాలకూ కరెంటు ఇచ్చేది ఒకటే బ్యాటరీ.

"బ్యాటరీ నీరసించింది సార్. దీపాలు అందుకే అబద్ధం చెప్తాండాయి అనుకుంటా."

"అనుకుంటున్నావా? తెలుసా?"

"తెలీదు సార్."

ఆయన ఆయమ్మ నాడి పట్టుకోని ఉన్నాడు. తలెత్తలేదు. "బండి పోనీ," అన్నాడు.

ఫ్యాను, పెట్టె, సెట్టు, అన్నీ ఆర్పించినాం. రోడ్డెక్కినాం. కాపరి నా పక్కన కూర్చున్నాడు. వెనక నర్సింగ్ అసిస్టెంటు రబ్బరు తిత్తి వత్తుతా ఆయమ్మకు ఊపిరి పోస్తాండాడు. నా చూపు రోడ్డు మీద నిలవడం లేదు. ఎర్ర దీపం మీదికే పోతాండాది. చొక్కా వీపుకు అతుక్కునింది. దిగుడు వచ్చిన ప్రతిసారీ అవసరం లేకపోయినా బ్రేకు తొక్కి చూస్తాండా. ఈసారికి పడింది. వచ్చేసారి?

ఏమనుకున్నాడో, కాపరి మెడలోని తుండు తీసి ఆ దీపాల మీద కప్పినాడు. "రోడ్డు చూడప్పా," అన్నాడు మెల్లగా.

సోమందేపల్లి దాటినాక బస్సొకటి అడ్డం తిరిగింది. గట్టిగా తొక్కినాను. టైర్లు కీచుమన్నాయి. బస్సుకు మూరెడు దూరంలో ఆగినాం. మళ్లా గేరేసినాను.

ఆసుపత్రి గేటులో ఇంజను ఆపినాను. మళ్లా తిప్పితే కిటుక్కుమనింది, అంతే. మరసనాడు మెకానిక్కు కొత్త బ్యాటరీ వేసి కొంతదూరం తోలినాడు. దీపాలన్నీ ఆరిపోయినాయి. బ్రేకుకేం కాలేదు. కరెంటు చాలకపోతే లోపలుండే చిన్న కంప్యూటరు పెట్టెలు ఒక్కొక్కటీ తన సామానే చెడిందని మొత్తుకుంటాయంట. ఎండకు, మేం పెట్టిన బరువుకు ఆ బ్యాటరీ ఎప్పుడో చచ్చిందన్నాడు.

ఆయమ్మ బతికింది. శిబిరం ముగిసినాక యూనిట్‌కు తిరిగిపోయినాం. ఆ తర్వాత కొన్నేండ్లకు నేను పెన్షన్ మీద ఇంటికొచ్చినాను. ఆ బ్రేకు పడుంటే పడింది, పడకుంటే లేదు. పడతాదో లేదో తెలీకుండానే అందర్నీ ఎక్కించుకోని తోలినాను. ఆ వణుకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

కండ్లు మూసుకుంటే ఒకటి కనపడతాది. డాక్టర్లు ఆయమ్మను లోపలికి తీసుకపోయినారు. తిత్తి కూడా వాళ్లే తీసుకున్నారు. నర్సింగ్ అసిస్టెంటు ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాడు. అతని చేతుల్లో ఏమీ లేదు. వేళ్లు మాత్రం మూసుకుంటాండాయి, తెరుచుకుంటాండాయి.