సంతల పేజీ తీసేది లేదు

మా ఇంగ్లీషు టీచరమ్మ పోయారు. రాజవొమ్మంగిలో తమ్ముడుగారి ఇంట్లో, కామెర్లు ముదిరి. ఆయన ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను ముంచింగిపుట్టు దగ్గర మా ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి ఆడపిల్లలకు ఆవిడ రాసిన పుస్తకమే చెబుతున్నాను. పాఠం ఆపలేదు. ఆపితే ఆవిడ ఒప్పుకోరు. బెల్లు కొట్టాక వంటశాల వెనక్కి వెళ్లి ఏడ్చాను.

చర్చిలో సంతాపసభ పెట్టారు. ఒక పెద్దమనిషి లేచి, విదేశంలో ఉద్యోగం చేసి మన ప్రాంతానికి పేరు తెచ్చారన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆవిడ పేరు తేవడానికి వెళ్లలేదు. అక్కడ ఉంటూనే మా కొండపిల్లలకు ఇంగ్లీషు పుస్తకం రాసి, దాన్ని అచ్చు వేయించడానికి ఏళ్ల తరబడి పోట్లాడారు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతున్నాను.

దానికి మూలం నేను చేసిన తప్పే. నేను ఆరో తరగతిలో ఉండగా తనిఖీకి వచ్చిన ఆఫీసరు నన్ను లేపి, ఈరోజు ఏ వారమో ఇంగ్లీషులో చెప్పమన్నాడు. ఆరోజు సంత ఏ ఊళ్లో ఉందో ఆ ఊరి పేరు ఠక్కున చెప్పేశాను. మా కొండల్లో అంతే. పెళ్లిచూపులైనా, ఆసుపత్రికి మళ్లీ రమ్మన్నా, ఫలానా సంత రోజున అంటేనే మాకు బుర్రకెక్కుతుంది. ఆఫీసరు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వాడని మిగతా మాస్టర్లూ నవ్వారు.

టీచరమ్మ నవ్వలేదు. జీపు వెళ్లిపోయాక నన్ను పిలిచి, "ఏటే గుంటా, తల దించుకున్నావు? రోజేదో నీకు తెలుసు. ఆళ్లు దాన్ని ఏటంటారో తెలీదు, అంతే కదా. అది నేర్పడానికే కదా నేనున్నది" అన్నారు. మర్నాడు బోర్డు మీద ఒక పక్క ఏడు సంతల పేర్లు, ఇంకో పక్క ఇంగ్లీషు వారాల పేర్లు రాసి, మధ్యన గీతలు కలపమన్నారు. ఒక్క పీరియడ్‌లో వచ్చేసింది. ఈ రోజుకీ మర్చిపోలేదు.

కొప్పులో పెన్ను, ఫ్లాస్కులో చోడంబలి, అదే రాగి అంబలి. ఇవి లేకుండా ఆవిడ్ని ఎవరూ చూడలేదు. నవ్వు రాని పాఠం నోటికి రాదనేవారు. కోపం వస్తే మాత్రం పెద్దా చిన్నా చూసేవారు కాదు, ఆ గుణం నాకూ అంటించి పోయారు.

నేను టీచరయ్యేసరికి ఆవిడ సముద్రం మధ్యలో దీవుల దేశం ఒకదానికి ఇంగ్లీషు చెప్పడానికి వెళ్లారు. అక్కడినుంచి పాఠాలు రాసి ఫోన్‌లో పంపేవారు. వాటిని నేను మా పిల్లలకు చెప్పి చూసి, నీళ్ల ట్యాంకు ఉన్న మిట్టెక్కి, సిగ్నల్ దొరికాక, ఎవరు ఎక్కడ ఆగిపోయారో చెప్పేదాన్ని. పిల్లలు ఆగిన చోటల్లా తిరగరాసేవారు. మిరియాలు కోసే పాఠం తొమ్మిదిసార్లు రాశారు. సంతల పేజీ మాత్రం మొదటిసారి ఎలా రాశారో అలాగే ఉంది, పుస్తకంలో మొదటి పాఠం అదే.

నగరంలో ఒక ప్రచురణకర్తకు పుస్తకం నచ్చింది. కానీ బొమ్మలేసినాయన మా వాళ్లందరికీ తలమీద ఈకలు, చేతిలో బల్లేలు పెట్టాడు. టీచరమ్మ జవాబు నాకూ పంపారు: మా పిల్లల తలమీద ఈకలు ఎప్పుడు మొలిచాయో నాకు తెలీదు, దయచేసి పీకేయండి. ఈకలు పీకేశారు. తర్వాత సంతల పేజీ దగ్గర పేచీ వచ్చింది. అది తప్పులు నేర్పుతుందట. దాని బదులు ఆదివారం సినిమా, శనివారం ఈత అని పెడతారట. ఆవిడ ఒప్పందం కాగితం సంతకం లేకుండానే తిప్పి పంపేశారు.

నాకు భయమేసింది. ఒక్క పేజీయే కదా టీచర్, ఇచ్చేయండి, పుస్తకం రానీండి అని బతిమాలాను.

"ఆ ఒక్క పేజీ కోసమే మిగతావన్నీ రాశానే. అది తీసేత్తే నిన్ను మళ్లీ నిలబెట్టి నవ్వినట్టే" అన్నారు.



రెండేళ్లు ఎవరూ వేయలేదు. ఆ విసుగులో ఒకరోజు అదే పాఠం దీవిలో పిల్లలకు చెప్పారట. చెప్పకుండానే వాళ్లు సంతల బదులు కాగితాల మీద పడవలు గీశారట. కూరగాయలు తెచ్చే పడవ, గ్యాసు బండలు తెచ్చే పడవ, రోగుల్ని తీసుకెళ్లే పడవ. ఏ పడవ వస్తే ఆరోజు. అక్కడి హెడ్మిస్ట్రెస్ ఆ కాగితాలు పట్టుకుని వాళ్ల అచ్చాఫీసుకు తనే వెళ్లింది. మా సంతలూ వాళ్ల పడవలూ పక్కపక్కన అచ్చయ్యాయి. ఆ కబురు తెలిశాక మన ప్రచురణకర్త తనంతట తనే వచ్చి, అక్షరం మార్చకుండా వేశాడు. అప్పుడు కుదరనిది ఇప్పుడెలా కుదిరిందని నేను మండిపడితే టీచరమ్మ నవ్వి ఊరుకున్నారు. గెలిచాక ఆవిడకు కోపం ఉండేది కాదు. నాకుంటుంది.

దీవుల నుంచి తిరిగొచ్చాక, తన తర్వాత ఆ పుస్తకం మీద మాట నాదేనని ఆవిడ ముందే రాసిచ్చారు. పోయిన వారం ప్రచురణకర్త నుంచి ఉత్తరం వచ్చింది. రెండు లైన్లు సంతాపం. మూడో లైనులో, రచయిత్రి ఎలాగూ లేరు కనుక కొత్త ముద్రణలో మొదటి పాఠం మారుస్తాం, సంతకం చేసి పంపండని. సమాధి మీద మట్టి ఇంకా ఆరనైనా లేదు.

ఆ ఉత్తరాన్ని క్లాసులో తెలుగులో చదివి వినిపించాను. వెనక బెంచీలో సంతలో పసుపు అమ్ముకునే ఒకామె కూతురు లేచింది.

"మన సంతలు తీసెత్తారేటి మేడం? వద్దని సెప్పండి."

"నేను చెప్పను. మీరే రాయండి, ఇంగ్లీషులో" అన్నాను.

రాశారు. తప్పులున్నాయి, ఒక్కటీ దిద్దలేదు. ముప్పై ఎనిమిది కాగితాలకు కవరు మూత పడకపోతే, గోనెసంచులు కుట్టే దబ్బనంతో నేనే కుట్టేశాను. పోస్టాఫీసుకు వెళ్లే బస్సులో అల్లం బస్తాల మధ్య కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. కుట్ల సందులోంచి ఒక కాగితం మూల బయటికొచ్చింది. దానిమీద పెన్సిలు గట్టిగా నొక్కి, పెద్దక్షరాలతో, కాగితం చిరిగేలా రాసి ఉంది: నో.