పలకల పెట్టెలో తేలు

నగల దొంగతనం సినిమా ఒకటి చూసినందుకు నన్ను పట్టపగలు పురికొసతో కట్టేశారు. దొంగతనం నేను చేయలేదు బిడ్డలారా. చేసి ఉంటే ఇంతకన్నా గౌరవంగా ఉండేది. నేను చదివింది మూడో తరగతే గాని, ఆ శనివారం మాత్రం ఒక్క మాట కూడా మరిచిపోలేదు.

అప్పటికి నాకు పెళ్లయి నాలుగు నెలలు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పెట్టెలు సర్దే పని. చెక్కపెట్టెలో వరిగడ్డి పరచి, పలకలు పేర్చి, పగలకుండా మధ్యమధ్య మళ్లీ గడ్డి కుక్కాలి. ఆ వారం బేస్తవారిపేటలో మా చర్చివాళ్ల పెళ్లికి బోసి మెడతో పోలేక, మా ఆయన అక్క ఏస్తేరు వదినను అడిగి గొలుసు తెచ్చుకున్నాను. మా వైపు ఒకే గొలుసు నలుగురి మెడలు తిరిగి నలుగురి ఫోటోల్లోనూ పడుతుంది. ఇచ్చేటప్పుడు వదిన మెల్లగానే చెప్పింది.

"ఆదివారం నా బిడ్డ ప్రధానం, ఉంగరాలు మార్చుకునేది. గొలుసు దాని మెడలో ఉండాల. శనివారం నాలుగు గంటల బస్సుకు గిద్దలూరు నుంచి నేనే వచ్చి మీ ఫ్యాక్టరీ కాడ తీసుకుంటా. పోగొట్టినావంటే రూతమ్మా, దాని ప్రధానం ఆగిపోతాది, నీ కాపురం గూడా."

శుక్రవారం మా ఆయన ముచ్చటపడి మ్యాట్నీకి తీసుకుపోయాడు. సినిమాలో ఇద్దరు దద్దమ్మ దొంగలు ఒక జమీందారిణి వజ్రాలహారం కొట్టేసి, బేకరీలో మైదాపిండి డబ్బాలో దాస్తారు. పోలీసులు బీరువాలు విరగ్గొడతారు, పరుపులు కోస్తారు, చివరికి అలసిపోయి ఆ డబ్బా మీదే కూర్చుని టీ తాగుతారు. హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నేను మాత్రం పరీక్షకు పోయే పిల్లలా చూశాను. ఆ దొంగలకు కబురందించింది ఎవరనుకున్నారు? అందరికంటే మెత్తగా మాట్లాడే పనిమనిషి. ఇంటర్వెల్లో సోడా అమ్మేవాడు నన్ను చూసి నవ్వితే, కొంగు మెడకు కట్టులాగా చుట్టేసుకున్నాను.

మర్నాడు శనివారం, సాయంత్రం వదినకు ఇవ్వాలి గనక గొలుసుతోనే పనికి పోయాను. నా పక్కన కూర్చునే కోటమ్మక్క చీమను కూడా చీపురుతో కాదు, ఉఫ్ అని ఊది పంపే మనిషి. మెత్తగా అడిగింది.

"గొలుసు బాగుందే పాపా. ఎన్ని సవర్లు?"

"గిల్టుదిలే అక్కా."

"గిల్టయితే అట్ల బరువుగా దిగదే."

అంతే, నాకు ఆమెలో సినిమా పనిమనిషి కనిపించింది. అందరూ అన్నానికి లేచినప్పుడు, గొలుసు తీసి నేను సర్దుతున్న పెట్టెలో, మూల గడ్డి కిందికి దోపాను. ఆ పెట్టె సాయంత్రం దాకా నిండదని నా లెక్క. పోలీసు వచ్చి దాని మీద కూర్చున్నా తెలియదు. ఆ ధీమాతో సంగటి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

తిరిగి వచ్చేసరికి వాకిట్లో లారీ. చెప్పిన వేళకన్నా ముందే వచ్చిందని మస్తాన్ మేస్త్రీ చేతికి దొరికినవాళ్లతో పెట్టెలు నింపించి మేకులు కొట్టించేశాడు. ఎనిమిది పెట్టెలు. ఎనిమిదీ ఒక తల్లి కన్న బిడ్డల్లా ఉన్నాయి. టైము మూడు కావస్తోంది.

నిజం చెబుదామా అంటే, సినిమాలో హారం సంగతి బయటపడగానే ఊరంతా దొంగలైపోయారు కదా. నోటికి వచ్చింది అనేశాను.

"మామా, పెట్టెలు ఎక్కియ్యద్దు. గడ్డిలోకి తేలు దూరింది."

"ఏ పెట్టెలోకి?" అన్నాడు మేస్త్రీ.

"అదే తెలియడంలా."

"ఎంత తేలు?"

చేతులు చాచి గొలుసు పొడవు చూపించాను.

"అది తేలా, ఉడుమా?" అన్నాడు మేస్త్రీ. కానీ నవ్వలేదు. "బడి పిల్లకాయలు చెయ్యి పెడతారు. తెరవండి."

నా పథకం పారింది. మేకులు ఊడుతున్నాయి. అయితే ఒక్కరూ చెయ్యి పెట్టరే. కర్రలతో గడ్డి లాగి వాకిట్లో కుప్ప పోస్తున్నారు. నేను దగ్గరికి పోబోతే కోటమ్మక్క రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. ఎనిమిది పెట్టెలూ అయ్యేసరికి కుప్ప నడుమెత్తు లేచింది. తేలు లేదు. గొలుసూ కనిపించలేదు.

"ఇంగ ఎతికేదేంది, తగలబెడితే పోలే," అన్నాడు లారీ డ్రైవరు.

మేస్త్రీ కుప్ప మీద డీజిలు చల్లించి అగ్గిపుల్ల గీశాడు. గాలికి ఆరిపోయింది. రెండోది తీశాడు. అవతల మలుపులో బస్సు హారను వినిపించింది.

దూకాను. మోచేతుల దాకా గడ్డిలోకి పెట్టి కెలికాను.

"ఒసే రూతమ్మా, కుడతాదే," అని కోటమ్మక్క అరుస్తోంది. మేస్త్రీ వేళ్ల మధ్య పుల్ల మండుతోంది. కుప్ప అడుగున చల్లగా ఏదో తగిలింది. పిడికిలి బిగించాను. సంతోషంతో కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి.

"కుట్టింది," అన్నాడు డ్రైవరు.

మేస్త్రీ పుల్ల ఆర్పేశాడు. అందరూ నా మీద పడ్డారు. కోటమ్మక్క పురికొస తెచ్చి మణికట్టు మీద నాలుగు చుట్లు బిగించింది. ఎవరో కాటు మీద రుద్దడానికి ఉల్లిగడ్డ కోస్తున్నారు.

"పిడికిలి తెరువు పాపా."

తల అడ్డంగా ఊపాను.

"విషమెక్కి యేళ్లు బిగుసుకున్నాయి," అన్నాడు మేస్త్రీ. "ఏడ కుట్టిందో చెప్పు."

ఏం చెప్పను?

"నోరు గూడా పడిపోయింది," అని డ్రైవరు నెత్తి మీది తువ్వాలు తీసేశాడు.

సరిగ్గా అప్పుడు గేటులో ఏస్తేరు వదిన. తేలు అన్న మాట వినగానే సంచి కింద పడేసి పరుగెత్తి వచ్చి, నా తల ఒడిలో పెట్టుకుంది. గొలుసేదని అడగలేదు. నా మెడ వంక చూడను కూడా లేదు. "ప్రభువా, ఈ పిల్లను కాపాడు. నా తమ్మునికి ఏం చెప్పాల నేను," అని ఏడుస్తుంటే నాకు సినిమా మత్తంతా దిగిపోయింది. నేనే పిడికిలి తెరిచాను.

వదిన గొలుసును చూసింది, గడ్డికుప్పను చూసింది, నన్ను చూసింది.

"ఏంది తల్లీ ఇది?" అన్నాడు మేస్త్రీ.

వదిన కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇదేనయ్యా ఆ తేలు. మా అమ్మ నా పెండ్లికి చేయించింది. రెండు సవర్లు."

ఆ నవ్వులు పుల్లలచెరువు దాకా వినపడి ఉంటాయి. ప్రధానం మాత్రం చక్కగా జరిగింది. ఎనిమిది పెట్టెలూ తిరిగి సర్దే శిక్ష నాకు పడింది. అడగకుండానే వచ్చి సగం సర్దిపెట్టింది ఎవరనుకున్నారు? నా లెక్కలో దొంగ అయిన ఆ కోటమ్మక్కే.

కాబట్టి బిడ్డలారా, బైబిలు మీద చెయ్యేసి చెబుతున్నాను. అడిగి తెచ్చుకున్న నగను ఈ జన్మలో దాచిపెట్టను. మెడలోనే ఉంచుకుంటాను. దొంగ వస్తే, "ఉండు నాయనా, మా వదినను పిలుస్తా, ఆమెతో మాట్లాడుకో," అంటాను. ఆ తరువాత వాడి ప్రాణానికి నేను బాధ్యురాలిని కాను.