తమ్ముడు పెట్టిన అద్దం మూత

మా తమ్ముడి గోల ఎవరితో చెప్పుకోను! నేను ఆస్పత్రి ఎమర్జెన్సీలో నర్సుని. వాడు ప్రోగ్రాములు రాస్తాడు. మా వార్డులో ఎవరిని ముందు పిలవాలో చెప్పే ప్రోగ్రాము వాడిదే. అందులో పేషెంట్ల పేర్లన్నీ ఒక కుప్ప. ఎవరి పరిస్థితి బాగా విషమంగా ఉంటే వాళ్ళ పేరు పైకి తేలుతుంది. మిగతావి లోపల ఎలా పడితే అలా ఉంటాయి.

"కుప్ప లోపలున్న పేర్లని ఉన్నది ఉన్నట్టు చూడాలంటే కుప్పంతా విప్పాలి, లేదా నకలు తీయాలి. ఇదెక్కడి చోద్యం అక్కా?" అని ఒకటే సణుగుడు. ఆ కుప్ప వాడు కట్టింది కాదు, ప్రోగ్రాములు రాసేవాళ్ళంతా వాడుకునే ఉమ్మడి కోడ్ లైబ్రరీలోది. దానికి స్లైస్ అని ఓ అద్దం మూత పెడదామన్నాడు. చూడొచ్చు, చెయ్యి మాత్రం పెట్టకూడదు. రాసింది మూడంటే మూడు లైన్లు.

దానికి ఎన్ని నెలలు పట్టిందనుకున్నారు! లైబ్రరీ పెద్దలు ముందు ఆ మూత పేరు దగ్గర పేచీ పెట్టారు. తర్వాత, "చూసినవాళ్ళు అదే పిలిచే వరస అనుకుంటారు" అని పట్టుకున్నారు. "అంత బుర్రలేనివాళ్ళు ఎవరుంటారక్కా?" అంటూ వీడు కంచం ముందు పెట్టుకుని ఫోన్‌లో పోట్లాట. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. "మూడు చెరువుల నీళ్ళు తాగిస్తున్నార్రా, వదిలెయ్" అంటే వింటేగా! వాడు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఎట్టకేలకు ఒప్పుకున్నారు. వెంటనే వచ్చి మా హాల్లో స్క్రీన్‌కి తగిలించాడు. పేర్లన్నీ ఒక్కసారిగా కనిపించేసరికి వీడి మొహం చేటంత అయింది.

అప్పుడే ఒకావిడ, ఆయాసంతో రొప్పుతున్న తండ్రిని పట్టుకుని, "కాస్త చూసి చెప్పండి, మా నాన్న వంతు ఎప్పుడు?" అని అడిగింది. వీడు పేరు అడిగి, స్క్రీన్ చూసి, "రెండో పేరు ఆయనదేనండీ, తర్వాత మీరే" అనేశాడు!

పాపం, ఆవిడ ఆయన్ని లేపి డాక్టరు గది తలుపు దాకా నడిపించింది. లోపల్నించి పిలిచింది ఇంకొకరిని. పెద్దాయన గోడ పట్టుకుని జారిపోతుంటే నేను పరిగెత్తి కుర్చీలో కూర్చోబెట్టాను. ఒళ్ళు మండిపోయింది. వాణ్ణి కడిగేద్దామని తిరిగాను.

వాడు అప్పటికే ఆవిడ ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. "తప్పు నాదండీ. పైపేరు ఒక్కటే ఖాయం. కిందివి వరసలో ఉండవు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసీ అలా చెప్పేశాను."

"సరే, మరి మా నాన్న వంతు ఎప్పుడు?" అందావిడ.

వాడు స్క్రీన్ వైపు చూడలేదు, నా వైపు చూశాడు. ఇంకా విషమంగా ఎవరొస్తే వాళ్ళే ముందు, వంతు నాకు మాత్రం ఏం తెలుసు? పెద్దాయన నాడి పట్టుకున్నాను.