అన్నీ వేయించినమని చెప్పిన

ఆ సోమవారం పొద్దున మా కుక్క రాకీ నీళ్ల గిన్నెల మూతి ముంచింది కానీ తాగలేకపోయింది. కింది దవడ వేలాడుతున్నది, చొంగ ఆగకుండ కారుతున్నది. తిన్న కోడి బొక్క ఏదో గొంతుల ఇరుక్కుందనుకున్న. నోరు తెరిచి చెయ్యి పెట్టి వెతికిన. ఏమీ లేదు. చెయ్యి బయటికి తీస్తుంటే పన్ను గీరుకొని బొటనవేలి దగ్గర రక్తం వచ్చింది. లుంగీకి తుడుచుకున్న.

మాది దేవరయాంజాల్. రాకీని పిల్లగా తెచ్చి మూడేళ్లు పెంచినం. మా గేటు ఎప్పుడూ తెరిచే ఉండేది. అది ఊరంత తిరిగి తిండి వేళకు వచ్చేది. ఓసారి వీధికుక్కలతో కొట్లాడి చెవి చింపుకొని వస్తే పసుపు అద్ది వదిలేసిన. రేబిస్ టీకా వేయించనే లేదు. కుక్కను పెంచితే మున్సిపాలిటీల రిజిస్టర్ చేయించాలని, బయటికి తెస్తే మెడకు తాడు ఉండాలని విన్న. మన ఊర్ల మనకెందుకు అనుకున్న.

అంతకు నాలుగు రోజుల ముందు, గురువారం పొద్దున, వాకింగ్‌కు పోతున్న పద్మావతి మేడం పిక్కను రాకీ పట్టింది. ఆమెది భీమవరం. మా పక్క కాలనీల ఉంటరు, బ్యాంకుల పని. నేను ఉరికిపోయి కుక్కను గుంజిన. ఆమె అడిగిన మొదటి మాట, "రెడ్డిగారూ, దీనికి ఇంజెక్షన్లు వేయించారా?"

"అన్నీ వేయించినం మేడం. పరేషాన్ కాకుండ్రి."

ఆలోచించకుండనే అన్న. ఆమె నమ్మింది. ఇంటికి పోయి కడుక్కొని, ఏదో మందు రాసుకొని డ్యూటీకి పోయింది.

సోమవారం పశువుల డాక్టర్‌కు ఫోన్ చేసి రాకీ సంగతి చెప్పిన. ఆయన గొంతు మారింది.

"నోట్ల చెయ్యి పెట్టినవా? అది బొక్క కాదు. కుక్కను షెడ్డుల వేసి గొళ్లెం పెట్టు, ఎవ్వరూ ముట్టొద్దు. నువ్వు సబ్బుతోని పావుగంట చెయ్యి కడుక్కొని జల్దీ హాస్పిటల్‌కు పో. ఇంకెవరినన్న కరిచిందా?"

నేను రక్తం గడ్డకట్టిన బొటనవేలి దిక్కు చూసుకున్న. పక్కన నిలబడి స్పీకర్ల వింటున్న నా భార్య సునీత అన్నది, "గా మేడంను కరిచింది గదా. చెప్పవేంది?"

చెయ్యి కడుక్కొని ఆమె ఇంటికి పోయిన. బ్యాంకుకు బయలుదేరుతున్నది. "టీకా వేయించలేదు మేడం. ఆ రోజు అబద్ధం చెప్పిన. ఇప్పుడు కుక్కకు రేబిస్ అని డౌట్ పడుతున్నరు" అన్న. చేతిల టిఫిన్ బాక్సుతోనే మెట్టు మీద కూసున్నది.

"నాలుగు రోజులైపోయింది కదండీ" అన్నది. తిట్టలేదు. టిఫిన్ బాక్సు పక్కన పెట్టి లేచి, "బండి తియ్యండి" అన్నది.

హాస్పిటల్ డాక్టర్ ఇద్దరి గాయాలూ చూసిండు. "ఇద్దరిదీ కేటగిరీ త్రీ, అంటే రక్తం వచ్చిన గాయం. లేటైందని మానేసేది కాదు. లక్షణాలు రాకముందు ఎప్పుడొచ్చినా వెయ్యాల్సిందే."

"నాకు వస్తుందా డాక్టర్‌గారూ?" ఆమె అడిగింది.

"జబ్బు వచ్చినంక మా చేతుల ఏం ఉండదమ్మా. రాకముందే వచ్చిండ్రు. ఒక్క డోస్ కూడా తప్పొద్దు."

గాయం చుట్టూ, రేబిస్‌ను అక్కడనే ఆపే ఇమ్యునోగ్లోబులిన్ మందు గుచ్చిండ్రు. బొటనవేలు పగులుతదేమో అనిపించింది. కర్టెన్ అవతల ఆమె పిక్కల గుచ్చుతుంటే మూలుగు వినబడ్డది. భుజానికి వ్యాక్సిన్ వేసి, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు రమ్మని చీటీ రాసిచ్చిండ్రు.

బుధవారం రాకీ చనిపోయింది. పశువుల డాక్టర్ మనుషులను పంపి తీసుకపోయిండు. ల్యాబ్‌ల పాజిటివ్ వచ్చింది.

ఇగ నాకు కుదురు లేదు. రేబిస్ వస్తే నీళ్లకూ గాలికీ భయపడుతరని విన్న. మాటిమాటికి నీళ్లు తాగి, గొంతు దిగుతున్నదా లేదా చూసుకునేది. ఫ్యాన్ గాలి తగిలితే ఉలిక్కిపడేది. ప్లాట్లు అమ్మిపెట్టుడు నా పని; ప్లాట్ చూపెట్టనీకి పోయి, వచ్చినోళ్లు అడిగింది వినబడక నిలబడేది. సునీత చూస్తుండంగ గ్లాసు పట్టుకోవాలంటే సిగ్గనిపించేది.

ఏడో రోజు డోస్ అయినంక రెండు రోజులకు మేడం ఫోన్ చేసింది. "రెడ్డిగారూ, కాలు జుమ్మంటోంది. జ్వరం కూడా. మీకూ అలా ఉందా?" అప్పుడే కారు తీసి హాస్పిటల్‌కు తీసుకపోయిన. డాక్టర్ నొక్కి నొక్కి చూసి, గాయంల ఇన్ఫెక్షన్ అని చెప్పి యాంటీబయాటిక్ రాసిండు. నాలుగు రోజులకు జ్వరం తగ్గింది.

ఆ రోజు తిరిగి వస్తుంటే కారుల ఆమె అన్నది: "కుక్క కరిచినందుకు నాకు కోపం లేదండీ. మీ మాట నమ్మి నాలుగు రోజులు నిశ్చింతగా ఉన్నాను చూడండి, అది మర్చిపోలేకపోతున్నాను."

ఆమెను ఇంటి ముంగట దించి కారు తిప్పుకొని వచ్చిన.

ఏడాది దాటింది. ఇద్దరం బాగున్నం. ఎదురుపడితే ఆమె తల ఊపుతది, ఆగి మాట్లాడదు. మా ఇంట్ల ఇప్పుడు ఓ ఆడకుక్క ఉన్నది. టీకాలు వేయించిన, పిల్లలు కాకుండ ఆపరేషన్ చేయించిన, మున్సిపాలిటీల రిజిస్టర్ చేయించిన. గేటు వేసే ఉంటది. అయినా ఎక్కడన్న కుక్క అరిస్తే లేచి గొళ్లెం చూసొస్త.

కుక్క కరిస్తే గాయాన్ని నల్లా కింద సబ్బుతోని పావుగంట కడిగి, ఆ రోజే హాస్పిటల్‌కు పోండ్రి. టీకాలు అయినయని కుక్క గలాయన ఎంత చెప్పినా ఆగకుండ్రి. చెప్పేటోడు నాలాంటోడు కావొచ్చు.