రెండు ఎంబీల్లో గంగక్క

కోసిగిలో పెళ్లికైనా, పుట్టినరోజుకైనా, చావుకైనా ఫ్లెక్సీ కట్టాల్సిందే. ఆ ఫ్లెక్సీలో ముఖం తెల్లగా ఉండాల్సిందే. ఆ రెండో పని పాతికేళ్లుగా ఉరుకుందప్ప మామ చేతుల మీదుగా జరుగుతోంది. బస్టాండు ఎదుట ఆయన స్టూడియో. ఎంత ఎండకు కమిలిన మనిషైనా ఆయన కంప్యూటర్‌లోంచి పాలతో కడిగినట్టు బయటికొస్తాడు. చేయమని ఎవరూ అడగరు, చేశానని ఆయనా చెప్పడు. "మనిషి అందంగ కనపడితే నీ సొమ్మేం పోతాది" అంటాడు.

పోయిన ఫిబ్రవరిలో ఆ పుణ్యం నా నెత్తిమీదికి వచ్చింది.

నేను ట్యాబ్‌లో బొమ్మలు వేస్తాను. మూడు నెలలు కూర్చుని మా అమ్మ గంగక్క బొమ్మ వేశాను. సాయంత్రపు వెలుగులో మిరపచేలో నిలబడి, కళ్లు చికిలించి చూస్తూ ఉంటుంది. అమ్మ అప్పటికి గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయి ఉంది. ఆమె ముఖంలోని ఒక్కో గీతనూ గుర్తు తెచ్చుకుని వేశాను. ఆ బొమ్మను ఒక ఆన్‌లైన్ గ్యాలరీ ప్రదర్శనకు పంపాలి. నా బొమ్మ నలుగురు చూసే చోటికి వెళ్లడం అదే మొదటిసారి. ఫైలేమో నలభై ఆరు ఎంబీ. వాళ్లు రెండు ఎంబీకి మించి తీసుకోరు. గడువు ఆ సాయంత్రం ఐదింటికి. ఇంట్లో నేను తగ్గించిన ప్రతిసారీ అమ్మ ముఖం అలికినట్టయిపోయింది. ఇక లాభం లేదని పెన్‌డ్రైవ్ పట్టుకుని మామ దగ్గరికి పరిగెత్తాను.

"కూచో పాపా, ఇదేం పెద్ద పని" అని పది నిమిషాల్లో తేల్చేశాడు. ఒకటిన్నర ఎంబీ. సంతోషంగా పెద్దది చేసి చూశాను. అందులో మా అమ్మ లేదు. పెళ్లిచూపులకు తయారైన తెల్లటి ఆవిడ ఎవరో ఉంది. నుదుటి మీద ఒక్క గీత లేదు.

నాకు ఒళ్లు మండింది. "మాయమ్మ యాడ మామా?"

"నున్నగ చేస్తే ఫైలు తగ్గుతాది పాపా. గీతలు శానా జాగా తింటాయి. అయినా ఇట్లే బాగుండాది గదా."

"ఆ గీతల కోసమే గదా మూడు నెల్లు కూచున్నా."

ఆయన చెప్పింది నిజమే, నా కోపమంతా అందుకే. నున్నటి చోటును కంప్యూటర్ ఇట్టే కుదించేస్తుంది. సన్నటి గీతల దగ్గరే దానికి కష్టం. మామ నా ముఖం చూశాడు. "ఈ చిన్న ఫైలు ఇంగ పనికిరాదు. మజ్జిగలో నీళ్లు పోసినాంక మళ్లా చిక్కగ కాదు గదా" అని దాన్ని తీసేసి, నా అసలు బొమ్మకు నకలు తీసుకుని మొదటికొచ్చాడు.

అప్పుడు చూశాను మామ పనితనం. ముందు కొలత తగ్గించాడు. నా బొమ్మ ఆరువేల పిక్సెల్ చుక్కల పొడవు, గ్యాలరీ చూపేది రెండువేల నాలుగువందలే. మిగతావి మోసుకుపోవడం దండగ. తర్వాత అసలుదీ నకలూ పక్కపక్కన పెట్టి, క్వాలిటీ అంకెను తొంభై నుంచి ఒక్కో మెట్టు దించుతూ, ప్రతి మెట్టుకూ అమ్మ కంటి కొసను పరీక్షగా చూశాడు. ఎనభై ఆరు దగ్గర ముఖం నిక్షేపంగా ఉంది కానీ వెనక ఆకాశం చారలు చారలుగా విడిపోయింది. ఆకాశం మీద కనీకనపడని సన్నటి చుక్కలు దుమ్ములా చల్లాడు. చారలు కలిసిపోయాయి. "దుమ్ము లేని ఆకాశం మన తావ యాడుండాది" అన్నాడు. దుమ్ముతో ఫైలు కాస్త పెరిగితే ఇంకో రెండు మెట్లు దించాడు. ఒకటి పాయింట్ తొమ్మిది ఎంబీ. ఐదుకు ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. అలవాటు కొద్దీ మామ మౌస్ ఒకసారి అమ్మ చెంప వైపు వెళ్లింది. నేను గొంతు సవరించుకున్నాను. వెనక్కొచ్చేసింది.

బొమ్మను గ్యాలరీ వాళ్లు తీసుకున్నారు. కోతలు ముగించుకుని అమ్మ ఊరికి రాగానే స్టూడియోకు పిలుచుకొచ్చి, మామ పెద్ద తెర మీద ఆ గ్యాలరీ తెరిపించాను.

"ఏమన్నా, ఊర్లో అందర్నీ తెల్లగ చేస్తావు. నేనేం పాపం చేసినా?" అంది అమ్మ.

మామకు ఎక్కడలేని హుషారు వచ్చింది. "నీ కూతుర్నడుగు తల్లీ. నేను చేసింటి, ఒప్పుకోలే" అన్నాడు. నాకు సిగ్గూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

అమ్మ మా మాటలు వినడం లేదు. తెరకు దగ్గరగా జరిగి, కంటి కొసలూ నోటి పక్క గీతలూ వేలితో తడుముతోంది. "ఇది నేను గాదు పాపా, మాయమ్మ. అచ్చం ఇట్లే ఉండె. ఆయమ్మకు ఒక్క ఫోటో గూడ లేదు" అంది.



"ఇంగ రవ్వంత పెద్దది చెయ్యన్నా" అంది అమ్మ.

మామ పెద్దది చేశాడు. ఒక్క గీత కూడా చెదరలేదు.